నేను తయారుచేసిన ముప్పై ఏడో ప్రశ్న

హన్మకొండ బస్టాండు దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే దుకాణంలో ఒకసారి నాకూ ఆ దుకాణం ఆయనకూ గొడవైంది. తప్పు నాదే. ఇంకా కొనని పుస్తకంలో, వెనక జవాబుల పేజీ తీసి, ఒక అక్షరం పక్కన పెన్నుతో ఇంకో అక్షరం కూడా రాశాను. ఆయన నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, "పెద్దమనిషివి, గిదేం పని సారూ? కొంటే కొను, లేకుంటే ఆడ వెట్టు" అన్నాడు. కొనక తప్పలేదు. నా పక్కన నిలబడ్డ పిల్లలు నన్ను మతి చలించిన ముసలాయన్ని చూసినట్టు చూశారు.

ఆ పుస్తకంలో ఉన్నది నేను తయారుచేసిన ప్రశ్న. ఎవరో పాత పేపరు సంపాదించి, ముక్క కూడా మార్చకుండా అచ్చేసుకున్నారు. నేను చేసిన తప్పును కూడా భద్రంగా దాచిపెట్టారు. నేను రిటైరయ్యాను, ఆ ప్రశ్న ఇంకా సర్వీసులోనే ఉంది.

మీలో చాలామంది రీజనింగ్ పేపరుకు తయారవుతున్నారు. నేను తర్కశాస్త్రం చెప్పినవాణ్ణని తెలియగానే మొదట అడిగేది ఒకటే: "సార్, వాదనలో చెప్పకుండా వదిలేసిన ఊహను పట్టుకోవడానికి షార్ట్‌కట్ ఏంటి?" ఒళ్ళు మండుతుంది. షార్ట్‌కట్ ఉండి ఉంటే అందరికంటే ముందు నేనే వాడుకునేవాణ్ణి, ఈ కథ చెప్పుకోవాల్సిన ఖర్మ పట్టేది కాదు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. చివరిదాకా వింటే మీకు షార్ట్‌కట్ దొరకదు గానీ, పేపరు తయారుచేసేవాళ్ళంటే ఉన్న భయం పోతుంది.

డెబ్భైల మొదట్లో వరంగల్లులో ఒక కాలేజీలో తర్కశాస్త్రం లెక్చరరుగా చేరాను. ఇంటర్మీడియట్ ఆర్ట్స్ గ్రూపులో ఆ సబ్జెక్టు ఉండేది. లెక్కలంటే భయపడేవాళ్ళూ, చరిత్రలో రాజుల వరస గుర్తుండనివాళ్ళూ వచ్చి నా క్లాసులో కూర్చునేవాళ్ళు. స్టాఫ్ రూములో నా పక్క బల్ల లెక్కల లెక్చరరుది. ఆయన నా సబ్జెక్టును "లెక్కలు రానోళ్ళ లెక్కలు" అనేవాడు. పదిహేనేళ్ళు అదే మాట అన్నాడు, పదిహేనేళ్ళూ తనే మొదటిసారి అంటున్నట్టు నవ్వుకున్నాడు.

నేను ఏటా చెప్పే పాఠం ఒకటి ఉంది, దాన్ని తిరగేసే పద్ధతి అనేవాణ్ణి. ఎవరైనా, "ఈ రోజు ఆదివారం, కాబట్టి దుకాణం మూసి ఉంటుంది" అన్నారనుకోండి. అందులో పైకి చెప్పని మాట ఒకటి ఉంది: ఆదివారాలు ఆ దుకాణం తెరవరు. అది నిజంగా ఆ వాదనకు అవసరమా కాదా తెలియాలంటే దాన్ని తిరగేసి చూడాలి. ఆదివారం కూడా తెరుస్తారనుకోండి. వాదన కూలిపోయింది. కూలిందంటే అది దానికి ఊతకర్ర. తిరగేసినా వాదన నిలబడే ఉందంటే, ఆ మాటకూ వాదనకూ సంబంధం లేదు. ఇంతే పాఠం. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టేవాణ్ణి.

ఎనభైల మొదట్లో చేనేత సహకార సంస్థ ఒకటి జిల్లాలో సూపర్‌వైజర్లను తీసుకోవాలనుకుంది. కాశిబుగ్గ లాంటి చోట్ల ఇంటింటికీ తిరిగి, మగ్గాలు చూసి, నూలు ఇప్పించి, నేసిన బట్ట తీసుకునే ఉద్యోగం. సిఫారసు చీటీలతో విసిగిపోయారో, పైనుంచి ఆర్డరు వచ్చిందో, ఈసారి రాతపరీక్ష పెడతామన్నారు. తెలివిని పరీక్షించాలట. అక్కడి అధికారి ఒకాయన మా కాలేజీకి వచ్చి, యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, అన్నీ మీరే తయారుచేయాలి అన్నాడు. ముప్పై మార్కులు వస్తే ఇంటర్వ్యూకు పిలుస్తారు. జిల్లాలో తర్కం చెప్పేది నేనొక్కణ్ణేనని ఎవరో ఆయనకు చెప్పారు. నేను ఉబ్బిపోయాను. లెక్కలాయనకు వినబడేలా, "ఎన్ని రోజుల్లో కావాలండీ?" అని రెండుసార్లు అడిగాను.

ఇక ముప్పై ఏడో ప్రశ్న పుట్టిన వైనం. మా స్టాఫ్ రూము అటెండరుది కాశిబుగ్గే, నేతవాళ్ళ ఇల్లు. ఒక రోజు ఆయన అల్మారా తాళంచెవి జేబులో వేసుకుని సెలవు పెట్టాడు. జవాబు పత్రాలన్నీ అందులో ఉన్నాయి. తిట్టుకుంటూ సైకిలెక్కి కాశిబుగ్గ వెళ్ళాను. ఎప్పుడు ఆ గల్లీలోంచి వెళ్ళినా మగ్గాల చప్పుడు చెవులు గళ్ళుపడేలా ఉంటుంది. ఆ రోజు ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. ఏమైందని అడిగితే అటెండరు, "ఇయాల అమాస గద సార్. అమాసకు మగ్గం ఆడియ్యరు" అన్నాడు. తాళంచెవి కంటే ఆ మాటే నాకు విలువైనదిగా తోచింది. మాది హన్మకొండలో బట్టల దుకాణం నడిపిన కుటుంబం. తానుల మధ్య పుట్టి పెరిగాను. గుడ్డ గురించి నాకు తెలియనిది ఉండదనుకునేవాణ్ణి. అమావాస్య సంగతి తెలియకపోవడం ఒక్కటే లోటు, అది కూడా తీరిపోయిందని సంబరపడ్డాను.

మర్నాడే ప్రశ్న రాసేశాను. "ఒక నేతగాడు రోజుకు నాలుగు గజాల బట్ట నేస్తాడు. కాబట్టి ముప్పై రోజుల నెలలో అతను నూట ఇరవై గజాలు నేస్తాడు. ఈ వాదనలో చెప్పకుండా వదిలేసిన ఊహ ఏది?" మొదటి జవాబు: నెలలో ప్రతిరోజూ మగ్గం ఆడుతుంది. నా లెక్కలో అదే సరైనది. అమావాస్య తెలిసినవాడు చటుక్కున పట్టుకుంటాడని నా ధీమా. రెండోది: నేసిన బట్టకు గిరాకీ ఉంటుంది. మూడోది: నేతగాడు చదువుకున్నవాడు. నాలుగోది తట్టలేదు. ప్రశ్నకు సంబంధం ఉన్నట్టు కనబడి, సంబంధం లేనిదై ఉండాలి. తెలివితక్కువవాళ్ళు పడటానికే నాలుగోది ఉంటుంది.

అప్పుడే అటెండరు చాయ్ తెచ్చాడు. "ఏమోయ్, నేతపనికి మగ్గం, నూలు కాక ఇంకేం కావాలి?" అని అడిగాను. ఆయన ఆలోచించనైనా లేదు. "కండెలు చుట్టేటోళ్ళు ఉండాలె గద సార్. ఆల్లు లేకుంటె ఏం నేస్తడు?" అన్నాడు. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న గొట్టం. బాగుంది అనుకుని, "నూలు కండెలు చుట్టి ఇవ్వడానికి ఇంట్లో మరో మనిషి ఉంటుంది" అని నాలుగో ఖాళీ నింపేశాను. చాయ్ కూడా బాగుందని మెచ్చుకున్నట్టు గుర్తు.

నా దస్తూరి నాకే అర్థం కాదు. అందుకని యాభై ప్రశ్నలనూ ఇంట్లో నా భార్య తెల్లకాగితాల మీద చక్కగా తిరగరాసింది. పేపరు బయటికి పొక్కకూడదని ఆమెకు గట్టిగా చెప్పాను. ఆమె సరేనంది.

పరీక్ష జరిగింది. ఫలితాలూ, సరైన జవాబులూ అంటించారు. ఓ నెల గడిచాక ఆ అధికారి మనిషితో ఒక ఫైలు పంపించాడు. అందులో కాశిబుగ్గ నుంచి ఒకమ్మాయి పెట్టుకున్న అర్జీ ఉంది. తనకు ఇరవై తొమ్మిది మార్కులు వచ్చాయనీ, ముప్పై ఏడో ప్రశ్నకు తను నాలుగో జవాబు గుర్తు పెట్టాననీ, అది కూడా సరైనదే కాబట్టి ఆ ఒక్క మార్కు ఇవ్వాలనీ రాసింది. ఆ ఉద్యోగానికి వయసు పరిమితి తనకు ఆ ఏడాదితో దాటిపోతుందని కూడా రాసింది. నాకది చదవగానే చిర్రెత్తింది. నాలుగో జవాబు తెలివితక్కువవాళ్ళ కోసం పెట్టిందని ఈమెకు ఎవరు చెప్పాలి? మార్కు రానివాళ్ళంతా ఇలా అర్జీలు పెడితే పరీక్ష ఎందుకు?

ఫైలు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉండగానే రాసిచ్చాను. "ప్రశ్నలో గానీ, నిర్ణయించిన జవాబులో గానీ ఎలాంటి దోషమూ లేదు. అభ్యర్థినికి విషయం అర్థం కాలేదు." రెండో వాక్యం ఎవరూ అడగలేదు. మొదటిదాంతో ఆపితే సరిపోయేది. కానీ సంతకం పెట్టేముందు ఇంకో మాట రాయాలనిపించడం మా లెక్చరర్లకు ఉన్న జబ్బు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. ఆఫీసువాళ్ళు నా రెండు వాక్యాలనూ అక్షరం పొల్లుపోకుండా ఉత్తరంలో ఎత్తిరాసి ఆమెకు పంపించారు. ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి నిలబడింది. మనిషి సన్నగా ఉంది, కుడి చూపుడువేలు మీద నూలు ఒరిసిన గీత ఉంది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"సార్, నేను మీ దగ్గర్నే చదివిన, ఇంటర్ల. వెనక బెంచీల కూసుండేదాన్ని" అంది.

నాకు గుర్తులేదు. గుర్తున్నట్టు తలూపాను. తర్వాత పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. నాలుగు గజాలు నేస్తాడని ప్రశ్నలోనే ఇచ్చామమ్మా, ఎవరి సాయంతో నేస్తాడో అదంతా ఆ నాలుగు గజాల్లోనే కలిసి ఉంది, మనం దాన్ని ప్రశ్నించకూడదు, అని విడమరిచి చెప్పాను. పక్క బల్ల నుంచి లెక్కలాయన కళ్ళజోడు పైకి జరుపుకుని వినడం మొదలుపెట్టాడు.

ఆమె అంతా విని అంది: "మగ్గం ఆడుడు సుత ఆ నాలుగు గజాలల్లనే ఉన్నది గద సార్. ఒక్క దినం సంగతే మీరు ఇచ్చిండ్రు. మగ్గం ముప్పై దినాలు ఆడుతదని మనమే అనుకున్నం. గట్లనే కండెలు చుట్టే మనిషి ముప్పై దినాలు ఉంటదని సుత మనమే అనుకున్నం. మీరు చెప్పినట్టే తిరగేసి చూసిన. మనిషి లేదనుకుంటె లెక్క నిలుస్తలేదు."

నా పాఠం నాకే వినిపించింది. పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు. అయినా, ఉన్నవాటిలో ఉత్తమమైనది ఎంచుకోవాలన్నాను. ఏది ఉత్తమమో ఎలా తెలుసుకోవాలని ఆమె అడిగింది. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది, దెప్పడానికి కాదు. నాకు మరీ ఒళ్ళు మండింది. గంట కొట్టారు, క్లాసుంది అని లేచాను. గంట కొట్టాల్సిన అటెండరు మా ఇద్దరికీ ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె ఉత్తరం మడిచి తీసుకుని వెళ్ళిపోయింది. లెక్కలాయన మాత్రం ఊరుకోలేదు. నాలుగోది లేకుండా మొదటిది ఎట్లా నిలబడుతుందో కొంచెం చెప్పమన్నాడు. మనిషి లేని రోజు మగ్గం ఎలా ఆడుతుందని అడిగాడు. మీకు నేత గురించి ఏం తెలుసు అన్నాను. నీకేం తెలుసు అన్నాడాయన. ఆ తర్వాత రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు.

అటెండరు కూడా నాతో మాట్లాడటం తగ్గించాడు. చాయ్ అందరి తర్వాత, చల్లారిపోయాక నా బల్ల మీదికి వచ్చేది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఆయనకు వరసకు మామ అవుతాడని నాకప్పుడు తెలియదు. నాలుగో రోజు ఉండబట్టలేక, నీకు నామీద కోపమేమిటని అడిగేశాను. కోపం ఎందుకు సార్ అన్నాడు. "మా మామ మగ్గం ఆగింది. ఒక్కసారి వచ్చి చూడుండ్లి. మీరు రాసిన పరీచ్చ ఆడ కండ్లవడ్తది" అన్నాడు.

కోపంగానే బయల్దేరాను. నన్ను తప్పని నిరూపించడానికి ఒక అటెండరు నన్ను సైకిలు మీద తీసుకుపోవడమేమిటని దారి పొడుగునా సణుక్కున్నాను.

గల్లీలో అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి, ఆ ఒక్క ఇంట్లో తప్ప. లోపలికి వెళితే, అమ్మాయి వాళ్ళ నాన్న మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ నాడె ఉంది. రాట్నం గోడ పక్కన ఉంది, దాని ముందు ఎవరూ లేరు. ఆయన గుంటలోంచి లేచి వచ్చి, రాట్నం తిప్పి, ఒక కండె చుట్టుకుని, మళ్ళీ గుంటలో దిగి నేయడం మొదలుపెట్టాడు. ఒక బీడీ కాలేంతసేపు కూడా కాలేదు, కండె అయిపోయింది. మళ్ళీ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని లేవాల్సి వస్తోంది. నా గురించి అటెండరు చెప్పాక, పని ఆపి, చాప వేశాడు.

వాళ్ళావిడను కడుపునొప్పితో దవాఖానలో షరీక్ చేశారట. నాలుగు రోజులుగా అమ్మాయి తల్లి దగ్గర ఉంటోంది. అందుకే మగ్గం ఇలా ఉందని ఆయన తనే సంజాయిషీ చెప్పుకున్నట్టు చెప్పాడు. నేను అడగాల్సింది అడిగాను, మామూలుగా రోజుకు నాలుగు గజాలు నేస్తారా అని. ఆయన నవ్వాడు.

"నాలుగు గజాలు నేను నేస్తనని ఎవలు చెప్పిండ్రు సారూ? ఇల్లు నేస్తది. నేను గుంటల కూసుంట, గంతే. పొద్దటి సంది గజం సుత ఎల్లలే."

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు, నేనే ఆ పేపరు తయారుచేశానని తెలిసి కూడా ఏ కోపం లేకుండా చెప్పాడు. ఉత్తరంలో ఉన్న మాట గల్లీలో అందరికీ తెలిసిపోయిందట. నేతోళ్ళ బిడ్డ అయ్యుండి మగ్గం లెక్కలోనే తప్పిందని నవ్వుతున్నారట. విషయం అర్థం కాలేదని కాలేజీ సారే రాసిచ్చాడంటే ఇంక ఎవరు నమ్ముతారు? బిడ్డ నీళ్ళకు కూడా బయటికి పోవడానికి సిగ్గుపడుతోందన్నాడు.

ఇంతలో అమ్మాయి దవాఖాన నుంచి ఖాళీ టిఫిన్ డబ్బాతో వచ్చింది. నన్ను చూసి ఆగింది. డబ్బా మూలన పెట్టి, రాట్నం ముందు కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న గుంటలో దిగాడు. ఆమె ఒక్కో కండె చుట్టి అందిస్తుంటే మగ్గం ఆగకుండా ఆడింది. నేను ఆ చాప మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాను. తిరగేసి చూడటం, మళ్ళీ సరిగ్గా పెట్టి చూడటం, రెండూ నా కళ్ళ ముందే జరిగిపోయాయి. నా మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అది చాలనట్టు సిగ్గు కూడా వేసింది.

ఇంటికి వచ్చి జరిగిందంతా నా భార్యకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, "ఆ ప్రశ్న రాసేటప్పుడే అనుకున్న, ఇది కూడా ఒప్పే గదా అని" అంది. మరి అప్పుడే చెప్పొచ్చు కదా అని ఎగిరాను. "అడిగితె గద చెప్పేది. పేపరు సంగతి మాట్లాడొద్దన్నరు" అంది. యాభై ప్రశ్నలు నేనొక్కణ్ణే తయారుచేశానని నలుగురికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను అప్పటికి.

మర్నాడు పొద్దున్నే ఆ అధికారి ఆఫీసుకు వెళ్ళాను. ముప్పై ఏడో ప్రశ్నకు మొదటిదీ, నాలుగోదీ రెండూ ఒప్పుకోవాలని రాసి, సంతకం చేసిన కాగితం తీసుకెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. మగ్గం గురించీ, కండెల గురించీ, తిరగేసే పద్ధతి గురించీ అరగంట చెప్పాను. నా జీవితంలో అంత బాగా పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

"అర్థమైంది సార్. ఆ అమ్మాయి రాసింది కరెక్టే" అన్నాడు.

"అయితే మార్కు వేయండి."

ఆయన ఫైలు తెరిచి నా ముందుకు జరిపాడు. అందులో నా దస్తూరితో, నా సంతకంతో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. ఫైల్లో నిపుణుడి అభిప్రాయం ఒకసారి చేరాక, దాన్ని కాదనడానికి ఇంకో నిపుణుడు కావాలన్నాడు. ఆ నిపుణుణ్ణి నేనే, కాదంటున్నదీ నేనే అన్నాను. అదే కదా చిక్కు అన్నాడు. ఒకే మనిషి నెల తిరక్కుండా రెండు రకాలుగా రాస్తే పైవాళ్ళు రెండోసారి ఎవరి ఒత్తిడితో రాశారని అడుగుతారట. జిల్లాలో తర్కం చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నాడు. లేరు. ఆ సంగతి మొదట్లో గొప్పగా ఒప్పుకున్నది నేనే.

పైగా ఇంటర్వ్యూలు ఆ వారంలోనే అయిపోయాయి, జాబితా హైదరాబాదుకు వెళ్ళింది. "ఆ రోజు మీరు ఫైలు ఒక్క రెండు రోజులు దగ్గర పెట్టుకుని ఉన్నా బాగుండేది సార్. మా మనిషి గుమ్మంలో ఉండగానే రాసిచ్చారట కదా" అన్నాడాయన. నా వేగాన్ని మెచ్చుకుంటున్నాడో, ఏమో, నాకు అర్థం కాలేదు.

నా కాగితం అయినా ఇచ్చి వచ్చాను. పైవాళ్ళకు ఇంకో రెండు రాశాను. చాలా కాలానికి ఒక జవాబు వచ్చింది: "మీ లేఖ పరిశీలించి దాఖలు చేయడమైనది." ఈ మధ్యలో కొత్త సూపర్‌వైజర్లు చేరారు. అందులో ఒకాయన కాశిబుగ్గ వచ్చి, నిలువు నూలే పడుగని తెలియక, దాన్ని చూపించి ఇది పడుగా, పేకా అని అడిగాడని అటెండరు నాకు చెప్పాడు. ముప్పై ఏడో ప్రశ్నకు ఆయన నా జవాబే రాసి ఉంటాడు. మార్కు వచ్చి ఉంటుంది.

ఆ అమ్మాయి సంగతేమిటంటారా? తర్వాతెప్పుడో పాలకుర్తి దగ్గర ఒక ఊళ్ళో బాలవాడి టీచరుగా చేరిందని విన్నాను. దాంతో అంతా సర్దుకుందని చెప్పి మిమ్మల్ని తృప్తి పరచలేను. ఆమె కోరుకున్నది ఆ ఉద్యోగం, దానికి ఆమెకంటే తగినవాళ్ళు ఆ జాబితాలో లేరు. ఆమెకది రాకపోవడానికి కారణం నా సంతకం. దీన్ని ఎటు తిరగేసినా నిలబడే ఉంటుంది.

ఆఫీసు నుంచి వచ్చిన మర్నాడే కాశిబుగ్గ వెళ్ళాను. తల్లిని ముందురోజు దవాఖాన నుంచి ఇంటికి పంపించారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ముఖంలో నెత్తురు లేదు. ఆఫీసులో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. మార్కు రాదని చెప్పాను. నీ జవాబు తప్పు కాదమ్మా, నాదే తప్పు అన్నాను.

"నాకెర్కే సార్" అంది అమ్మాయి. లోపలికి వెళ్ళి నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి తెచ్చింది. "గదే మాట దీనిమీద రాసియ్యుండ్రి. నౌకరి కోసం గాదు. గల్లీల చూపెట్టుకుంట."

మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాశాను. ముప్పై ఏడో ప్రశ్నకు ఈమె ఇచ్చిన జవాబు సరైనదనీ, కండెలు చుట్టి ఇచ్చే మనిషి లేనిదే నేతగాడు నెలకు నూట ఇరవై గజాలు నేయలేడనీ, ప్రశ్న తయారుచేసిన నాకు ఈ విషయం అర్థం కాలేదనీ రాసి, సంతకం చేశాను. ఈసారి అక్కర్లేని వాక్యం ఒక్కటి కూడా రాయలేదు.

అందులో ఏముందని తల్లి అడిగింది. ఆమెకు చదువు రాదు. అమ్మాయి ఆగి ఆగి, గట్టిగా చదివి వినిపించింది. తల్లి మొత్తం విని, నావైపు తిరిగింది.

"గిది మీకు ఎర్క లేకుండెనా సారూ?" అంది.

లేదమ్మా అన్నాను. ఆమె గోడ పట్టుకుని మెల్లగా జరిగి రాట్నం ముందుకు వచ్చింది. కూతురు వద్దంటున్నా వినకుండా ఒక ఖాళీ కండె చేతిలోకి తీసుకుంది. గుంటలో ఆమె భర్త నాడె పట్టుకుని, కండె కోసం ఎదురుచూస్తున్నాడు.